ముళ్ళకంచె లోపల ఎడ్ల మేత

ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగం ఒక్కటే, కోతకు పోయే పశువులకు దాణా కూర్చడం. ఎదిగే దూడకు ఏమి పెట్టాలి, ఎంత పెట్టాలి, తక్కువ ఖర్చుతో దాని ఒంటికి కండ ఎలా పట్టించాలి, అమ్మకానికి ముందు చివరి మూడు నెలలు ఎలా బలిపించాలి, ఇదే పని. తెలుగు హిందువుల ఇంట పుట్టి ఈ పని చేశాను కనక కొందరు చుట్టాలు ఇప్పటికీ మా ఇంట్లో మంచినీళ్ళు తాగరు. తాగకపోతే పోనీ. చేసిన పని గురించి గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు నాకు లేదు. ఈ వయసులో కొత్తగా నేర్చుకోను.

మలేసియాలో మేముండే క్లాంగ్‌లో, మా వీధి చివరింటి అమ్మాయి ఈ మధ్య పశువుల దాణా ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరింది. నన్ను చూడటానికి వచ్చి, "తాతా, మీ టైములో కంప్యూటర్ నేదు గదా, దాణా ఎలాగ లెక్క కట్టినారు?" అని అడిగింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం కష్టం. ఆ ఒక్క వాక్యం కోసం దారి పొడుగునా సాధన చేసుకుని వచ్చినట్టుంది. లెక్క కట్టడం సులువేనమ్మా, దాన్ని పశువు నోటి దాకా చేర్చడానికే ఎంతమందితోనో పోట్లాడాలి అని చెప్పాను. ఆ పిల్ల కోసం, ఆమె లాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళు రాయను. తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో బంటింగ్ దగ్గర ఒక ఎస్టేటులో జరిగింది రాస్తాను. నేను ఈ పని నిజంగా నేర్చుకున్నది అక్కడే.

హారిస్ దొర కాటా

మా నాన్న రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. నేను ఇంగ్లీషు బడిలో చదివి పశువుల శాఖలో సహాయకుడిగా చేరాను. నా పై అధికారి హారిస్ దొర, పశువైద్యుడు. పొడుగాటి మనిషి, ఎండకు ఎర్రబడిన మెడ, చేతిలో ఎప్పుడూ ఒక లావు పుస్తకం. ఆ పుస్తకంలో ఉన్నవన్నీ చలి దేశం దాణాలు. బార్లీ, అవిసె చెక్క, ఎండుగడ్డి. వాటిలో ఒక్కటీ ఇక్కడ దొరకదు. ఓడలో తెప్పించి ప్రభుత్వ ఫారంలో కోడెలకు పెట్టేవాడు. అవి కండ పట్టేవి, కాదనను. కానీ ఈ దేశంలో ఏ రైతు ఆ దాణా కొనగలడు?

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "దొరా, ఇక్కడే క్లాంగ్ నూనె మిల్లులో పిండగా మిగిలిన కొబ్బరి చెక్క గుట్టలుగా పడి ఉంది. బియ్యం మిల్లులో తవుడు ఉంది. అనాస పళ్ళు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ తొక్కంతా ఏట్లో పారబోస్తోంది. వాటితో కూర్చి చూద్దామా?"

"నీ పని తూచడం. తూచు," అన్నాడు.

ఆ మాటకు చాలా రోజులు లోలోపల మండిపోయాను. కానీ ఆయన దగ్గర నేను నేర్చుకున్న విద్య కూడా అదే. కంటితో పశువును అంచనా వేసేవాడు మోసపోతాడు, లేదా మోసం చేస్తాడు అని ఆయన నమ్మకం. వారానికొకసారి, అదే వేళకు, నీళ్ళు తాగకముందే ప్రతి కోడెనూ కాటా ఎక్కించేవాడు. వచ్చిన అంకె తనకు నచ్చకపోయినా దిద్దేవాడు కాదు. గర్విష్ఠి, చిన్న ఉద్యోగి మాట చెవిన పెట్టడు, కాటా దగ్గర మాత్రం అబద్ధం ఆడడు. తరువాత నేను మర్యాదస్తులైన అధికారులను చాలామందిని చూశాను. కాటా దగ్గర నిజం చెప్పినవాళ్ళను కొద్దిమందినే చూశాను.

బంటింగ్ దగ్గర కంచె

ఆ రోజుల్లో అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సిపాయిలు. అడవిలో ఉన్నవాళ్ళకు తిండి అందకూడదని ప్రభుత్వం ఎస్టేటు కూలీల ఇళ్ళను ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేసింది. పొద్దున్న గేటు దగ్గర ఒళ్ళు తడిమి చూశాకే బయటికి వదిలేవారు. మధ్యాహ్నం పని కాగానే మళ్ళీ లోపలికి రావాలి. గుప్పెడు బియ్యం మూటకట్టుకుని గేటు దాటినా జైలే.

ఆ ఎస్టేటులో చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన వాళ్ళ పిల్లలు, ఆ యాసకే చివర మలాయ్ వాళ్ళ 'లా' తగిలించి మాట్లాడేవారు. సగం ఇళ్ళకు పశువులు ఉండేవి. పూర్వం అవి రబ్బరు చెట్ల కింద, కాలవ గట్ల మీద మేసేవి. ఇప్పుడు మేపడానికి మనిషి బయటికి పోలేడు. నలభై మూడు పశువులు కంచె లోపల డొక్కలు ఎండి నిలబడ్డాయి. నెల తిరక్కుండా వాటిని అమ్మేయమని మేనేజరు ఉత్తర్వు వేశాడు. కొనడానికి ఒక లారీ కాంట్రాక్టరు సిద్ధంగా ఉన్నాడు. అతను ఒక్కో పశువునూ ఒకసారి చూసి, పెదవి విరిచి, తోలు ధర చెప్పేవాడు.

నన్ను అక్కడికి పంపింది పశువులను లెక్కపెట్టి కాగితం రాసుకు రమ్మని. లెక్కపెడుతూ ఒక పాక ముందు ఆగాను. ఆ పాక గౌరమ్మది. యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక రబ్బరు చెట్లు గీస్తూ ఒక్క కొడుకునూ పెంచింది. ఆవిడకు ఒక ఆవు, రెండు కోడెలు.

"లెక్కెట్టడానికొచ్చినావా బాబూ?" అంది. "ఏటి లెక్కెడతావు? ఎముకలు లెక్కెడతావా?"

"పై నుంచి ఉత్తర్వు అమ్మా."

"ఆ లారీవోడు నా కోడెకి సెప్పిన ధరకి నానొక కోడిపెట్టనైనా ఇయ్యను. నువ్వు సదువుకున్నోడివి గదా. మేపు నేకుండా ఎడ్లకి ఏటి పెట్టాలో నీకు తెల్దా? తెల్దంటే ఎల్లిపో లా, నా ఎండకి అడ్డు రాకు."

వెళ్ళిపోవచ్చు. నా పని నలభై మూడు అని రాయడంతో అయిపోయింది. పెన్సిలు జేబులో పెట్టుకుని, "తెలుసు," అన్నాను. తెలుసని అప్పటికి అనుకుంటున్నాను, అంతే.

క్లాంగ్ తిరిగి వెళ్ళి హారిస్ దొర బల్ల ముందు నిలబడ్డాను. ఈ పశువులను అమ్మనక్కరలేదు, కంచె లోపలే కట్టేసి మిల్లుల్లో మిగిలే వాటితో మేపవచ్చు, పశువుల వాళ్ళు తలా కొంత వేసుకుని తవుడు, చెక్క కొంటామంటున్నారు అని చెప్పాను.

"నిన్ను లెక్కపెట్టమన్నారు. మేపమనలేదు."

"లెక్కపెట్టాను. నలభై మూడు. అన్నిటినీ తోలు ధరకు ఇచ్చేయడానికైతే ఈ శాఖ ఎందుకు, కాంట్రాక్టరు ఒక్కడు చాలడా?"

ఆ మాటకు ఉద్యోగం ఊడిపోవచ్చు. "మూడు నెలలు," అన్నాడాయన. "మేనేజరుకు నేను చెబుతాను. చక్రాల కాటా పట్టుకెళ్ళు. మూడు నెలల్లో అది ఏమీ చూపించకపోతే పశువులు కాంట్రాక్టరుకు, నువ్వు ఇంటికి." నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మళ్ళీ అన్నాడు. "ఆకలి పశువుకు కొత్త మేత మెల్లగా అలవాటు చేయాలి. మెల్లగా."

గెలిచానన్న సంతోషంలో ఆ చివరి మాట నా చెవికి ఎక్కలేదు.

జల్లెడలో నూకలు

తవుడు, కొబ్బరి చెక్క బస్తాలతో మొదటి లారీ గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడ తిండి తనిఖీ చూసే ఇంగ్లీషు కుర్ర ఆఫీసరు, అతని పక్కన సార్జెంట్ యూసుఫ్ అనే మలాయ్ పోలీసు నిలబడి ఉన్నారు.

"తవుడు లోపలికి పోదు. అది తిండి," అన్నాడు ఆఫీసరు.

"పశువుల తిండి సార్. మనుషులు తినరు."

అతను వాదించలేదు. సార్జెంటును పంపి కాపలావాళ్ళ వంటపాక నుంచి జల్లెడ తెప్పించాడు. నా బస్తా విప్పి, దోసెడు తవుడు పోసి, మెల్లగా జల్లించాడు. పొడి కిందికి జారిపోయింది. జల్లెడలో తెల్లగా నూకలు మిగిలాయి.

"ఒక బస్తాలో ఇలాంటివి ఎన్ని దోసిళ్ళు? వీటిని గంజి కాస్తే అడవిలో ఒక మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు, నువ్వే చెప్పు."

లారీ వెనక్కి తిప్పించాడు. కంచె అవతల నిలబడి గౌరమ్మ అంతా చూస్తోంది.

ఆఫీసరు తప్పు మాట్లాడి ఉంటే పై వాళ్ళకు పది అర్జీలు రాసేవాణ్ణి. అతను ఒప్పే మాట్లాడాడు. క్లాంగ్ చేరేసరికి అనాస ఫ్యాక్టరీ వెనకాల తొక్కల గుట్ట పులిసి, ముక్కులు మూసుకునే వాసన వేస్తోంది. కూలీలు పారలతో ఏట్లోకి తోస్తున్నారు. లారీ ఆపమన్నాను. ఆ తొక్క పశువుకు మంచి మేత అని నాకు ముందే తెలుసు. దాంట్లో తవుడు తడిపి కలిపేస్తే మళ్ళీ జల్లెడ పట్టి నూకలు తీయడం ఎవరి తరమూ కాదని అప్పుడే తట్టింది. తడిసిన తవుడు దాచుకోవడానికీ పనికిరాదు.

ఫ్యాక్టరీ మేస్త్రీ తొక్క ఊరికే ఇస్తానన్నాడు, పారబోసే కూలి తప్పుతుందని. అక్కడే పాత పీపాల్లో తరిగిన తొక్క, తవుడు, దంచిన కొబ్బరి చెక్క, కొంచెం ఉప్పు కలిపించాను. ఒకరోజు ఉంచి గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. పీపా మూత తీసి ఆఫీసరుతో, "ఇప్పుడు జల్లించండి," అన్నాను.

సార్జెంట్ యూసుఫ్ నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. ఆఫీసరు వంగి వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. కర్రతో అడుగు దాకా పొడిచి చూశాడు.

"ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?"

"రెండు రోజులు. మూడో రోజు పురుగు పడుతుంది."

"ప్రతి పీపా ఇలాగే పొడిచి చూస్తాం."

"చూడండి. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు కూడా నేనే తెస్తాను."

గేటు తెరిచారు.

గౌరమ్మ కోడె

ఇక్కడ నా తప్పు రాయాలి. చిన్నది చేసి రాయను.

గేటు తెరిపించానన్న పొగరుతో ఆ మొదటి రోజే ప్రతి పశువు ముందూ తొట్టి నిండా మేత పోయించాను. వారాల తరబడి పస్తులున్న పశువులు. ఆబగా తిన్నాయి. చూడటానికి ఎంత బాగుందో చెప్పలేను. రెండో రోజూ అంతే పోయించాను. మూడో రోజు పొద్దున్న కబురు వచ్చింది. గౌరమ్మ పెద్ద కోడె నెమరు ఆపేసింది. కడుపు ఉబ్బింది, పుల్లటి వాసనతో నీళ్ళలా పారుకుంటోంది, నిలబడితే కాళ్ళు తడబడుతున్నాయి. నేను చేరేసరికి పడిపోయింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. ఇంకో నాలుగు మేత ముట్టకుండా తలలు వేలాడేశాయి.

జనం మూగారు. కాంట్రాక్టరు ఎవరిచేతో విషం పెట్టించాడని ఒకరు, కొత్త మేతలో ఏదో ఉందని ఒకరు. విషం మాట అలా వదిలేస్తే నేను బతికిపోయేవాణ్ణి. కాంట్రాక్టరు అంటే అందరికీ మంటే.

"విషం కాదు," అన్నాను అందరి ముందూ. "పుల్లటి మేత ఒక్కసారిగా ఎక్కువ పెట్టించాను. మెల్లగా పెట్టమని దొర చెప్పాడు, నేను వినలేదు. తప్పు నాది."

గౌరమ్మ కోడె మెడ మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. తల ఎత్తింది.

"నువ్వు సంపినావు బాబూ."

"అవునమ్మా."

"ఇంకోడైతే దేవుడి మీద ఎట్టీసేవోడు." కళ్ళు తుడుచుకుంది. "సరి. మిగిలినవోటికి రేపేటి ఎడతావో సెప్పు."

తరువాతి ఏళ్ళలో పెద్ద పెద్ద అధికారులు నాతో చేతులు కలిపి మెచ్చుకున్నారు. అవేవీ నాకు ఇప్పుడు గుర్తు లేవు. ఆ మాట గుర్తుంది. ఆవిడ నన్ను క్షమించలేదు. పని పూర్తి చేయమంది.

సాయంత్రానికి హారిస్ దొర వచ్చాడు. చొక్కా విప్పి, కత్తి తీసుకుని, తనే కోడె కడుపు కోశాడు. "వాసన చూడు," అన్నాడు. పాతబడిన కల్లులా ఉంది. లోపలి పొర ఉడికినట్టు ఊడి వస్తోంది.

"మెల్లగా అని చెప్పాను."

"చెప్పారు."

"ఇక ఆపేస్తావా?"

"ఆపను. ఇంకా రెండు నెలల పైగా ఉంది."

చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "పొద్దున్న ముందు గడ్డి పెట్టు, దొరికినంత. గడ్డి నమిలాక ఈ తడి మేత, నువ్వు పోసినదాంట్లో నాలుగో వంతు. పది రోజులు గడిస్తే గాని సగం దాటకు. ఏట్లో గుల్లలు దొరుకుతాయా?"

"కావలసినన్ని."

"కాల్చి సున్నం చెయ్యి. చిటికెడు కలుపు, పులుపు విరుగుతుంది."

అది ఆయన పుస్తకంలో ఉన్న మాట కాదు. ఆ క్షణాన ఆలోచించి చెప్పింది. ఆ రోజు నుంచి ఆయన మీద నాకు కోపం ఉంది గానీ చులకన లేదు.

గడ్డి కోసం గౌరమ్మే ఆడవాళ్ళను కూడగట్టింది. రబ్బరు గీసి తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మోపు లేత లాలాంగ్ గడ్డి తెచ్చేవారు. ముదిరిన లాలాంగ్ చీపురుతో సమానం, పశువు నమిలి అలిసిపోతుంది తప్ప బలం రాదు. అందుకే మోకాలెత్తు దాటనిదే కోయమన్నాను. గేటు దగ్గర సార్జెంట్ యూసుఫ్ ప్రతి మోపునూ పొడిచి లోపలికి పంపేవాడు. చాలని రోజు అరటి బోదె తరిగి వేసేవాళ్ళం. తల వేలాడేసిన నాలుగూ వారానికల్లా తేరుకున్నాయి.

చవక మేత

అందరూ నన్ను చవక దాణా చెప్పమనే అడిగేవారు. ఇప్పటికీ అడుగుతారు. బస్తా ధర తక్కువైతే చవక అనుకోవడం ఈ వృత్తిలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

అప్పన్న అని ఒకతను ఉండేవాడు, గౌరమ్మకు రెండిళ్ళ అవతల. అతని రెండు దూడలూ ఏడాది లోపువి. కొబ్బరి చెక్క ప్రియమని నాకు తెలియకుండా అది మానేసి, ఊరికే వచ్చే తొక్క, తవుడు మాత్రం పెట్టాడు. దూడలు బొజ్జలతో గుండ్రంగా కనిపించేవి. అప్పన్న మురిసిపోయాడు. వారం వారం కాటా ఎక్కించాము. పక్కింటి దూడలు పెరుగుతున్నాయి, అప్పన్నవి ఉన్నచోటే ఉన్నాయి.

"కాటా తప్పు సెప్తాంది లా," అన్నాడు అప్పన్న.

"అయితే నువ్వే ఎక్కు మామా," అన్నాను. ఎక్కాడు. తన బరువు తనకు తెలుసు. కిందికి దిగి చెక్క కొనడానికి పేరు రాయించుకున్నాడు.

ఎదిగే దూడ ఒళ్ళు కట్టుకుంటోంది. దానికి చెక్క కావాలి, ధర ఎక్కువైనా. ఎదుగుదల అయిపోయిన కోడె కొవ్వు పట్టాలి. దానికి చెక్క సగానికి తగ్గించి తవుడు, తొక్క పెంచితే చాలు. రెండిటికీ ఒకే దాణా పోసేవాడు ఒకదాని దగ్గర నష్టపోతాడు, రెండోదాని దగ్గర వృథా చేస్తాడు. తక్కువ ఖర్చులో ఒక కాటి, అంటే అరకిలోకు కొంచెం పైన, బరువు ఏది పెంచుతుందో అదే చవక మేత. దాన్ని కాటా ఒక్కటే చెప్పగలదు. ఇంకొక మాట. కొబ్బరి చెక్క పాతబడితే ముక్క వాసన వస్తుంది, పశువు మూతి తిప్పుకుంటుంది. మిల్లువాడు పాతది అంటగట్టబోతే బస్తా అక్కడే విప్పించి తిరగ్గొట్టండి. మొహమాటపడితే పశువు పస్తుంటుంది.

అమ్మకం రోజు

మూడు నెలలు నిండిన రోజు హారిస్ దొర, మేనేజరు, ఆ కుర్ర ఆఫీసరు అందరూ వచ్చారు. పశువులు ఒక్కొక్కటే కాటా ఎక్కుతుంటే దొర పెరిగిన అంకెలు తనే చదివాడు, గట్టిగా, మేనేజరు వైపు చూస్తూ. మొదటి పదీ అయ్యేసరికి మేనేజరు టోపీ సర్దుకుని బంగళాకు పోయాడు. అమ్మేయాలన్న ఉత్తర్వు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కాంట్రాక్టరు కూడా లారీతో వచ్చాడు. మలాయ్ వాళ్ళ పండగ దగ్గర పడుతోంది, మాంసానికి గిరాకీ ఉంది. గౌరమ్మకు మిగిలిన కోడె చుట్టూ తిరిగి, వీపు తట్టి, ఒక ధర చెప్పాడు. మునుపటికి రెట్టింపు. పక్కవాళ్ళు ఇచ్చేయమని సైగలు చేశారు.

గౌరమ్మ కదల్లేదు. అతనికి తెలుగు రాదు కనక తమిళంలో, "ఎడై పోడు, అప్పురం పేసు," అంది. ముందు తూచు, తరువాత మాట్లాడు అని.

"నేను ఎన్నో ఏళ్ళుగా కంటితోనే కొంటున్నాను," అన్నాడతను.

"అందుకే కాటా ఎక్కించమన్నాను."

ఎక్కించాడు. బరువును బట్టి కొన్నాడు. ఆ రోజు అమ్మినవాళ్ళందరూ అలాగే అమ్మారు. కొందరు అమ్మకుండా ఉంచుకున్నారు, అది వాళ్ళ ఇష్టం.

కోడెను లారీ ఎక్కించే ముందు గౌరమ్మ ఒక గంప మేత తెచ్చి దాని ముందు పెట్టింది. తినేదాకా నిలబడింది. తరువాత నా దగ్గరికి వచ్చి అంది, "ఎక్కడికెల్తాదో నాకు తెల్సు బాబూ. నన్నెవులూ మోసం సెయ్యనేదు. అది ఆకలితో మాత్తరం ఎల్లనేదు."

పంక్తిలో

కొన్నాళ్ళకు క్లాంగ్‌లో చుట్టాల పెళ్ళి. మా మేనమామ అక్కడి గుడి కమిటీలో పెద్దమనిషి. భోజనాల పంక్తిలో నేను కూర్చోగానే నా పక్కన ఉన్న ఇద్దరు లేచి వేరే విస్తరి ముందుకు మారారు. మావయ్య నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"ఏటిరా సూరీ, కసాయోళ్ళ కోసం గొడ్లని మేపుతున్నావట. మన వంశంలో ఎవులైనా సేసినారా ఈ పని?"

"ఎముకల గూళ్ళై లారీ ఎక్కుతున్నప్పుడు ఎవరైనా ఆపారా మావయ్యా? అప్పుడు అవి ఎక్కడికి పోతున్నాయని అనుకున్నావు?"

"అది నువ్వు సెయ్యనేదు గదా."

"నేను చూసి ఊరుకుంటే పాపం లేదు, కడుపు నింపితే పాపమా?"

మావయ్య అక్కడే నిలబడ్డాడు. నేను లేచి వెళ్ళిపోతానని ఎదురుచూసినట్టుంది. లేవలేదు. చారు దాకా, మజ్జిగ దాకా, అటూ ఇటూ ఖాళీ విస్తళ్ళ మధ్య కూర్చుని తిని లేచాను.

మా అమ్మ ఆ విషయం ఒక్కనాడూ ఎత్తలేదు. కానీ పని నుంచి రాగానే పెరట్లో స్నానం చేస్తే గాని లోపలికి రానిచ్చేది కాదు. బతికినన్నాళ్ళూ అంతే. నేను స్నానం మానలేదు, ఉద్యోగమూ మానలేదు. ప్రతి తగవూ తెగిపోవాలని లేదు. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే, ఉండనివ్వండి.

మెర్డేకా తరువాత

మెర్డేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చింది. హారిస్ దొర వెళ్ళిపోయాడు. పోయే ముందు, "నీ కూర్పు పై ఆఫీసుకు పంపాను. అనాస తొక్క శాస్త్రం కాదన్నారు," అని చెప్పి భుజం తట్టాడు. ఆయన స్థానంలో మనవాడే, ఇక్కడ పుట్టినవాడే వచ్చాడు. కొత్త ఆఫీసరు మంచివాడు, చదువుకున్నవాడు. వేళకు కుర్చీలో కనిపించడమే పని అని నమ్మినవాడు.

బంటింగ్ దగ్గర కంచె తీసేశాక ఒక పొద్దున్న, నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే గౌరమ్మ మా ఇంటి ముందు నిలబడి ఉంది. బస్సులో వచ్చింది. ఆవు మళ్ళీ ఈనిందట, కొడుకు కూడా రెండు దూడలు కొన్నాడట.

"ఎదిగినప్పుడేటి పెట్టాల, బలిసినప్పుడేటి పెట్టాల, అంతా సరిగ్గా సెప్పు. ఎవులెవులో అడుగుతున్నారు, నాను తప్పు సెప్పకూడదు."

కాగితం మీద రాసిస్తానన్నాను. "ఎవులు సదువుతారు? నా కోడలికి తమిళ అచ్చరాలే వచ్చు," అంది. అయితే తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాసిస్తానన్నాను. వద్దంది. కాగితం తడిస్తే పోతుందట. అమ్మ ఆవిడకు ఇడ్డెన్లు పెట్టింది. తింటూ, నడుస్తూ, బస్సు స్టాండు దాకా నేను చెబుతుంటే ఆవిడ అప్పజెప్పింది. ఏడాది లోపు దూడకు ఎన్ని గంపల తొక్క, ఎంత తవుడు, ఎంత చెక్క. చివరి మూడు నెలల్లో ఏది తగ్గించాలి, ఏది పెంచాలి. తప్పినచోట ఆగి మళ్ళీ మొదటి నుంచి. ఒక బస్సు వెళ్ళిపోయింది. ఇంకొకటి కూడా వెళ్ళిపోయింది. మూడో బస్సుకు ఒక్క తప్పు లేకుండా మొత్తం చెప్పింది. చెప్పుకుంటూనే ఎక్కింది. కిటికీలోంచి పెదవులు కదులుతూ కనిపించాయి.

శాఖ అచ్చువేసిన ఏ పుస్తకంలోనూ నా దాణా లేదు. బంటింగ్ నుంచి ఆ తీరం పొడుగునా ఎన్ని పాకల్లో ఆ కూర్పు నోటికి వచ్చో నాకు తెలుసు.

ఆఫీసుకు రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళాను. కొత్త ఆఫీసరు గడియారం చూపించి, ఇంతసేపు ఎక్కడికి వెళ్ళావని అడిగాడు.

"పనికి," అన్నాను.